కాంటా దగ్గర వాక్యం

ప్రశ్న: అక్కా, వందనాలు. ఎనుమాముల మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాగా చేస్తున్నాను. పొద్దున్నే లేచి మూడు అధ్యాయాలు చదువుతాను, ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తి చేయాలని పట్టుదల. కానీ మిర్చి తూచేటప్పుడు సేటు "బస్తాకు కిలో తగ్గించి రాయి" అంటే రాసేస్తున్నాను. ఆ టెన్షన్ ఇంటికి మోసుకొచ్చి పిల్లాడి మీద అరుస్తున్నాను. మొన్న ప్రార్థనకు పిలిస్తే "ముందు నువ్వు అరవడం మానెయ్ నాన్నా" అన్నాడు. చదివింది నాలోకి ఎందుకు దిగడం లేదు?
ఒక సోదరుడు, వరంగల్

జవాబు: తమ్ముడూ, దిగింది కాబట్టే నిద్ర పట్టక ఈ ఉత్తరం రాశావు. వాక్యం విని దాని ప్రకారం నడవనివాడు అద్దంలో ముఖం చూసుకొని పక్కకు రాగానే మరిచిపోయేవాడిలాంటివాడని యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. అందుకే కొన్నాళ్లు అధ్యాయాల లెక్క పక్కన పెట్టు. సామెతలు 11లో మొదటి వచనం ఒక్కటి చాలు, దొంగత్రాసు దేవునికి అసహ్యం అని. చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకొని కాంటా దగ్గరికి వెళ్లు. సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండం 25 చెబుతుంది, ఆ రెండో రాయి ఇప్పుడు నీ చేతిలో ఉన్న పెన్నే.

సరుకులో తేమ ఉందని రైతుకు చెప్పి ధర తగ్గిస్తే అది బేరం, చెప్పకుండా కిలో తీస్తే దొంగతనం. ములుగు వైపు నుంచి రాత్రంతా బస్తాల మీద కూర్చొని వచ్చి, చాయ్ కూడా తాగకుండా కాంటా అంకెలనే చూస్తూ నిలబడే మనిషి ముఖం నాకంటే నీకే బాగా తెలుసు. అతను 50 బస్తాలు తెస్తే 50 కిలోలు, ఒక బస్తాకు పైనే, నీ రాతతో పోతోంది.

సేటుతో గొడవ వద్దు. ఎవరూ లేనప్పుడు "కాంటా ఎంత చూపిస్తే అంతే రాస్తాను, తక్కువ రాయడం నావల్ల కాదు" అని చెప్పు. పని పోవచ్చు, పోదని నేను మాట ఇవ్వలేను. ఇంట్లో ముందే మాట్లాడుకో, ఇంకో దుకాణం వెతుక్కో, కానీ రాయకు. లూకా 19లో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నీ జీతానికి అంత కుదరకపోవచ్చు, అయినా గుర్తున్న రైతు ఒక్కరున్నా వెళ్లి ఒప్పుకో.

ఇక కోపం సంగతి. పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయంలో విశ్వాసానికి ఒక్కొక్కటిగా చేర్చుకోమన్న గుణాల వరుసలో ఆశానిగ్రహం (తనను తాను అదుపులో పెట్టుకోవడం), సహనం వచ్చాక గానీ భక్తి రాదు, అది చదివిన ప్రతిసారీ నాకు భయమేస్తుంది. మీవాడు తెలియకుండానే ఆ వరుస నీకు గుర్తుచేశాడు. అర్పణ బలిపీఠం ముందే వదిలి మొదట సహోదరుడితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5లో చెప్పాడు కదా, ఈ ఆదివారం మందిరానికి బయలుదేరేలోపే వాడి పక్కన కూర్చొని "తప్పు నాదే బిడ్డా" అను. ప్రార్థనకు మాత్రం వెంటనే పిలవకు, వాడంతట వాడు వచ్చేదాకా ఆగు.