మార్చి నెలలో ఆగస్టు సభ

చిట్టీ,

నువ్వు స్వాగతోపన్యాసం చేయబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అదీ ఇంగ్లీషులో, అంతమంది పెద్దల ముందు! సంతోషం పట్టలేక ముగ్గురికి చెప్పేశాను. తర్వాత నువ్వు పంపిన కాగితం చదివాను. రెండో వాక్యం దగ్గరే గుండె జారింది. 'దిస్ వెరీ ఆగస్ట్ గేదరింగ్' అట!

మైకుకు జానెడు దూరంలో నిలబడు. నీళ్లు దగ్గర పెట్టుకో. అక్షరాలు పెద్దవిగా అచ్చు వేసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే. నా బెంగంతా 'ఆగస్ట్' అన్న ఆ ఒక్క మాట మీదే. అది నెల పేరు కాదు, గంభీరమైన, పూజ్యమైన అని చెప్పే విశేషణం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్నూ ఇలాగే ఓ సభకు స్వాగతం పలకమన్నారు. ఆ మాటను కాగితాల మీద చదవడమే గానీ ఎవరి నోటా విన్నదాన్ని కాదు. నెల పేరు ఎలా అంటామో అలాగే అనేశాను, పైగా గొంతు పెంచి. ముఖ్య అతిథి మైకు అందుకుని, "మార్చి నెలలో ఆగస్టు సభకు రావడం నాకిదే మొదటిసారి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. చప్పట్లు కూడా కొట్టాను. తప్పు పలికినందుకు కాదు, ఆ చప్పట్లు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రాత్రి నిఘంటువు తీశాను. నెల పేరు ఉచ్చారణలో, ఎక్కడ ఊనాలో చెప్పే ఓ చిన్న నిలువు గీత 'ఆ'కు ముందుంది. విశేషణం దగ్గర అదే గీత 'గ'కు ముందుంది. వెంట్రుకంత గీత! మనకు లఘువులూ గురువులూ తెలుసు గానీ, మాటలో ఒక ముక్క మీద ఊనడం అలవాటు లేదు, కంటికి ఆనదు. నెల పేరులో బరువంతా 'ఆ' మీదే, 'గస్ట్' నోట్లోనే నలిగిపోతుంది. నీ మాటలో 'ఆ'ను తేలిగ్గా వదిలి 'గస్ట్' మీద ఊనాలి, ట్రస్ట్, మస్ట్‌లతో ప్రాస కుదిరేలా. మొదటి అచ్చు 'బాల్'లో ఉన్నదే, 'ఆ'కూ 'ఓ'కూ నడుమ. చివర ఉకారం తగిలించకు. (నేను భయంకొద్దీ కొన్నాళ్లు నెల పేరును కూడా 'గస్ట్' మీద ఊని పలికాను. అది ఇంకో అవమానం.)

రెంటికీ మూలం ఒకటే. లాటిన్‌లో అగస్టస్ అంటే పూజ్యుడు. క్రీ.పూ. 27లో రోమన్ సెనేట్ తమ పాలకుడు ఆక్టేవియన్‌కు ఆ బిరుదిచ్చింది. క్రీ.పూ. 8లో సెక్స్‌టీలిస్ అనే నెలకు ఆయన పేరు పెట్టారు. అంటే పెద్దరికం నీ మాటదే, నెల తర్వాత వచ్చింది. 'పెంచు' అనే అర్థమున్న లాటిన్ ధాతువుకు మన 'ఓజస్సు'తో చుట్టరికం ఉందంటారు భాషావేత్తలు, అగస్టస్‌నూ ఆ ధాతువు కిందికే చేర్చేవాళ్లున్నారు. అది తెలిశాక ఆ మాట మీద కోపం కాస్త తగ్గింది.

దానికి 'పెద్ద' అనో 'ప్రసిద్ధ' అనో అర్థం చెప్పుకోకు. చూడగానే సర్దుకుని కూర్చోవాలనిపించే గాంభీర్యం అది. న్యాయస్థానానికో, చట్టసభకో, వయసూ విద్యా పండినవాళ్ల సభకో నప్పుతుంది. పదిమంది సహోద్యోగుల సమావేశాన్ని అలా అంటే వెటకారం. మన సంస్థను మనమే అనుకుంటే సొంత డప్పు. నీ సభకు నప్పుతుంది, ఉంచుకో. ఆ 'వెరీ' మాత్రం తీసెయ్.

ఇంకోటి. నీ కాగితంలో ఆ మాట మొదటి అక్షరం పెద్దదిగా ఉంది, కంప్యూటర్ నెల అనుకుని దిద్దేసి ఉంటుంది. చిన్నది చెయ్. లేకపోతే కన్ను నెలనే చదువుతుంది, నోరు దాని వెంటే పోతుంది. 'జీ' అక్షరం ముందు పెన్సిల్‌తో గీత పెట్టుకో.

చాదస్తం అనుకుంటావు. చిన్నప్పుడు హెలికాప్టర్‌ను 'హెకిలాప్టర్' అన్నావు, అందరం నవ్వాం, నువ్వు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ముందు నవ్వింది నేనేనే తల్లీ. అంతకు ముందే నాకు ఆ సభలో అంత జరిగినా, నవ్వాను.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్. నేను హలో అనను. ఆ ఒక్క వాక్యం చదువు, విన్నాకే మాట్లాడతాను.

మీ అత్తయ్య