గడ్డ రక్తనాళానికి అంటుకుంది.. ఆపరేషన్ చేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. కామెర్లు వస్తే పరీక్షలు చేయించాం. పాంక్రియాస్ తల భాగంలో క్యాన్సర్ గడ్డ ఉందన్నారు. కామెర్లు తగ్గడానికి స్టెంట్ వేశారు. గడ్డ పక్కనున్న రక్తనాళానికి అంటుకుందని, ఆపరేషన్ కుదరదని ఒక డాక్టర్ చెప్పారు. ఇంకొకరేమో ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆ నాళం ముక్కతో సహా గడ్డను తీసేయొచ్చంటున్నారు. ఏం చేయాలో తోచక అందరం టెన్షన్ పడుతున్నాం. నాళాన్ని కోసి అతికించడం ప్రాణాపాయం కాదా?

జవాబు: మీ ఆందోళన అర్థమైంది. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: గడ్డ అంటుకున్నది సిరకా, ధమనికా? రిపోర్టులో అది రాసి ఉంటుంది. మీ ఇద్దరు డాక్టర్ల మాటల్లో తేడాకు కారణం అక్కడే ఉండొచ్చు.

పేగుల నుంచి కాలేయానికి రక్తం మోసుకెళ్లే పెద్ద సిర, అంటే పోర్టల్ సిర, పాంక్రియాస్‌ను ఆనుకునే వెళుతుంది. కాలేయానికి చేరే రక్తంలో సుమారు నాలుగింట మూడొంతులు దీని ద్వారానే వస్తుంది. ఒకప్పుడు గడ్డ దీనికి అంటుకుంటే ఆపరేషన్ మానుకునేవారు. ఇప్పుడు అనుభవమున్న చోట విపుల్ ఆపరేషన్‌లో (పాంక్రియాస్ తలను, దాన్ని ఆనుకున్న చిన్నపేగు మొదటి భాగంతో సహా తీసేసే ఆపరేషన్) భాగంగానే ఆ సిర ముక్కనూ తీసేస్తున్నారు. సిర గోడ ఒక పక్క కొంచెమే పోతే అక్కడికక్కడే కుట్టేస్తారు, లేదా చిన్న అతుకు వేస్తారు. చుట్టూ తీయాల్సి వస్తే, రెండు మూడు సెంటీమీటర్ల వరకు సాధారణంగా రెండు కొసలనూ దగ్గరికి తెచ్చి కలిపేయొచ్చు. అంతకు మించితే మెడలోంచో తొడలోంచో తీసిన సిర ముక్కనో, కృత్రిమ గొట్టాన్నో మధ్యలో పెడతారు. చివరి ముడిని బిగించకుండా కొంచెం వదులు ఉంచుతారు. రక్తం నిండి సిర విచ్చుకున్నప్పుడు కుట్టు దగ్గర ఇరుకు కాకూడదు కదా!

ప్రమాదం లేదని చెప్పను. రక్తస్రావం కావచ్చు, అతికిన చోట రక్తం గడ్డకట్టొచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత డాప్లర్‌తోనో సీటీతోనో రక్త ప్రవాహం చూస్తుంటారు. ఇలాంటి ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ దగ్గరే చేయించుకోండి. ఏడాదికి ఎన్ని చేస్తారు, వాటిలో సిరను అతికించినవి ఎన్ని అని మొహమాటం లేకుండా అడగండి.

అయితే సిర చాలా దూరం మూసుకుపోయి కలపడానికి కొసలే మిగలకపోయినా, పేగుల ప్రధాన ధమనిని గడ్డ సగానికి మించి చుట్టేసినా, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లరు. కాబట్టి మొదటి డాక్టర్ మాటను తప్పని కొట్టిపారేయలేం. స్టెంట్ వేయకముందు తీసిన సీటీ సీడీ ఉంటే అది కూడా పట్టుకెళ్లి సర్జన్, రేడియాలజిస్ట్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి చూసేలా చేయండి.

ముందు కీమో అంటే ఆలస్యం చేస్తున్నారని అనుకోకండి. ఈ క్యాన్సర్ కణాలు కంటికి కనిపించకుండా ముందే వేరే చోటికి చేరి ఉండొచ్చు. పెద్ద ఆపరేషన్ అయ్యాక నీరసించిన ఒంటికి పూర్తి కీమో ఎక్కించడం చాలామందిలో కుదరదు. మొదలుపెట్టే ముందు బయాప్సీతో నిర్ధారణ తప్పనిసరి. ఇంకో మాట: కీమో తర్వాత కూడా స్కాన్‌లో గడ్డ సిరకు అంటుకునే కనిపించొచ్చు. అంతమాత్రాన నిరాశ పడొద్దు. చచ్చిన గడ్డ వదిలిన మచ్చ కూడా సీటీలో గడ్డలాగే కనిపిస్తుంది. వ్యాధి వేరే చోటికి పాకకుండా, సీఏ 19-9 (ఈ క్యాన్సర్ తీరును గమనించడానికి చేసే రక్తపరీక్ష) అంకె తగ్గుతుంటే సర్జన్లు ముందుకు వెళ్లడానికి అవకాశం ఉంటుంది. ఆ పరీక్షను కామెర్లు తగ్గాకే లెక్కలోకి తీసుకోవాలి. కామెర్ల వల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది.

కీమో నడిచే నెలల్లో నాన్నగారి బరువు తగ్గకుండా చూడండి. తిన్నది అరగక జిడ్డు విరేచనాలు అవుతుంటే ఎంజైమ్ మాత్రల గురించి డాక్టర్‌ను అడగండి. చలితో జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా స్టెంట్ మూసుకుపోయిందేమో. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.