చీటీకీ చీటింగ్‌కూ చుట్టరికం ఉందా?

సందేహం: మాది విశాఖపట్నం, గాజువాక. మా వీధిలో చీటీలు కట్టించుకునే ఆవిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసేసింది. పోలీసులు చీటింగ్ కేసు రాశారు. చీటీల వల్లే చీటింగ్ అనే మాట పుట్టిందని మావాళ్లు అంటున్నారు. నిజమేనా? దానికి సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: మీ కష్టం చూస్తే నిజమే అనాలనిపిస్తోంది గానీ, కాదండీ. చీటీ హిందీ చిట్ఠీకి చుట్టం. అంటే కాగితం ముక్క. మందుల చీటీ, కిరాణా చీటీ అంటున్నాం కదా, అదే. ఇంగ్లీషు వాళ్ల ‘చిట్’ కూడా ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లిందే.

చీట్ పుట్టుక వేరు. దాని తల్లి ‘ఎస్చీట్’. లాటిన్‌లో పడడం అనే అర్థమున్న ధాతువు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. వారసులు లేకుండా పోయినవాడి భూమి ప్రభువుకు పడేది. ఆ వసూళ్లు చూసే అధికారులు ఏదో వంక పెట్టి జనం ఆస్తులు లాగేసుకునేవారు. తిట్టుకోగా తిట్టుకోగా వాళ్ల పని పేరే మోసానికి పేరైంది. తల్లి మాత్రం ఇప్పటికీ మర్యాదగానే ఉంది, మన రాజ్యాంగం 296వ అధికరణంలో.

ఇక తెలుగు మాట. కేసు వరకు మోసం చాలు. కానీ అన్నిచోట్లా అదే అతికించకూడదు. బీచ్‌లో క్రికెట్ ఆడే కుర్రాడు బౌల్డయి కూడా బ్యాట్ వదలకపోతే అది తొండి. పరీక్షలో అయితే కాపీ కొట్టడం. చీటీ, చీటింగ్ నిజంగా కలుసుకునేది ఆ హాల్లోనే, చొక్కా మడతలో!

డబ్బు ఎగ్గొడితే టోపీ పెట్టాడంటాం, నామం పెట్టాడంటాం, శఠగోపం పెట్టాడంటాం. ఈ చివరిది తమాషా అయిన మాట. సింహాచలం గుడిలో పూజారి శఠగోపం పెడుతుంటే భక్తిగా తల వంచుతాం. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకు శఠకోపుడని పేరు, అదే దానికీ వచ్చింది. సంస్కృతంలో శఠుడంటే మోసగాడు. మోసగాడి మీద కోపం ధ్వనించే మాటను మనం మోసానికే వాడేస్తున్నాం. తల వంచినవాడి నెత్తిన పెట్టేది కాబట్టి కాబోలు.

‘ఫోర్ ట్వంటీ’ సంగతీ చెప్పాలి. పాత శిక్షాస్మృతిలో చీటింగ్‌కు ఉన్న 420వ సెక్షనే అది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ నేరం 318వ సెక్షన్‌లోకి మారింది. అయినా ‘త్రీ వన్ ఎయిట్ గాడు’ అని ఎవరూ తిట్టరు, నాలుక తిరగదు.

జగదాంబ దగ్గర బస్సులో జేబు కొడితే దొంగతనం. మీరు నమ్మి, మీ చేత్తో మీరే ఇచ్చేలా చేస్తే చీటింగ్. పాపం, చేతిలో లేక కట్టలేకపోవడం ఒక్కటే చీటింగ్ కాదు, మొదటి నుంచీ దురుద్దేశం ఉండాలి. అందుకే ఫిర్యాదులో ‘శఠగోపం పెట్టింది’ అని కాకుండా ‘నమ్మించి మోసం చేసింది’ అని రాయండి. అందులో ‘నమ్మించి’ అన్నది వదలకండి.