అల్లుడూ, స్పానరు పట్టేముందు నెంబరు చదువు

చిరంజీవి అల్లుడికి, తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

సూళ్లూరుపేట పాత ఇనుము కొట్లో పడవ మోటారు దొరికిందని నువ్వు పంపిన ఫోటోలు రెండు సందకాడలు కూర్చుని చూశాను. మీ అత్త భోజనానికి పిలిచినా లేవలేదు. ఒంటి సిలిండరు ఔట్‌బోర్డు, అంటే పడవ వెనక బయట బిగించే మోటారు, మన పక్కన ఇంకా మిగిలి ఉండటమే నాకు పెద్ద సంతోషం. కరగబెట్టకుండా ఇంటికి తెచ్చావు, మంచి పని చేశావు. ఈ వారం మాత్రం కిరసనాయిలు, మెత్తటి బ్రష్షు తప్ప దాని దగ్గరికి ఇంకేదీ పోకూడదు. ఉప్పుకాగితం వద్దు, గ్రైండరు వద్దు, పెయింటు డబ్బా అసలే వద్దు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో విను. చిత్తూరు పక్క బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసే రోజుల్లో తడ నుంచి ఒకాయన ఇట్లాంటి మోటారే తెచ్చి ఇచ్చాడు. వాళ్ల నాయన పడవకు కట్టిందంట. మెరిసేలా చేసి ఇస్తే సంతోషిస్తాడని క్రాంక్‌కేసును, అంటే ఇంజను లోపలి ఇరుసును మూసి ఉండే లోహపు పెట్టెను, మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద పెట్టి రుద్దాను. అద్దంలా వచ్చింది. దాని మీద కొట్టి ఉన్న నెంబరు కూడా ఆ రుద్దుడులోనే పోయింది. అది ఏ మోడలో, ఏ సంవత్సరం పుట్టిందో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్ల నాయన దాన్ని ఎప్పుడు కొన్నాడో తెలుసుకోవాలని ఆయన ఆశ. ఆ ఆశను నా చేత్తో నేనే తుడిచేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఫ్లైవీల్ మీద, అంటే ఇంజను పైన తిరిగే బరువు చక్రం మీద, విలియర్స్ అని ఉంది కాబట్టి ఇది విలియర్స్ మోటారని రాశావు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లంతా ముందు జారేది అక్కడే. విలియర్స్ వాళ్లు ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు చేసి ఎన్నో కంపెనీలకు అమ్మారు. కార్బురేటరు మీద ఏమల్ అని ఉంటుంది, ప్లగ్గు మీద చాంపియన్ అని ఉంటుంది. అవన్నీ బయట కొని బిగించిన సామాన్లు. బండికి ఎమ్మారెఫ్ టైరు ఉంటే అది ఎమ్మారెఫ్ బండి అవుతుందా? పేరు కోసం క్రాంక్‌కేసు చూడు, ట్యాంకు చూడు, కిందికి దిగే గొట్టాలు చూడు. నీ ఫోటోలో పక్కపక్కనే రెండు గొట్టాలు దిగుతున్నాయి, పైన ఇత్తడి ట్యాంకు ఉంది, ఫ్లైవీల్‌కు తాడు చుట్టే గాడి ఉంది. ఇది బ్రిటిష్ సీగల్ అని నా నమ్మకం. ఈ వంశం 1931లో అదే వుల్వర్‌హాంప్టన్‌లో మొదలై తర్వాత పూల్ అనే రేవు పట్టణానికి పోయింది, 1996 దాకా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల నౌకాదళానికి కూడా వీటినే చేసి ఇచ్చారు.

ఎప్పుడైనా ఫ్లైవీల్ మీద తాడు గాడి బదులు నిలువు పిడి కనిపిస్తే అది ఇంకా పాత కాలపుది, అమెరికాది కావచ్చు. 1909లో మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మడం మొదలుపెట్టిన ఒకటిన్నర గుర్రాల మోటారు ఆ తీరుదే. ఇంజను అందుకున్నాక కూడా ఆ పిడి ఫ్లైవీల్‌తో తిరుగుతూనే ఉంటుంది, వేళ్లు పగులుతాయి. అట్లాంటిది చేతికొస్తే నన్ను పిలువు, ఒంటరిగా తిప్పొద్దు.

క్రాంక్‌కేసు మీది మురికిని కిరసనాయిలుతో నానబెట్టి తీసి, టార్చి లైటు పక్క నుంచి పడేలా పెట్టి నెంబరు చూడు. ముందుండే అక్షరాలు మోడల్ చెబుతాయి, వాటిలో ఎల్ ఉంటే పొడుగు షాఫ్టు. తర్వాతి కాలం మోటార్లలో నెంబరు చివర ఒక అక్షరం నెలను, ఒక అంకె సంవత్సరాన్ని చెబుతాయి. పుస్తకంలో రాసుకో, ఫోటో తీసుకో, ఆ తర్వాతే స్పానరు.

స్పానరంటే నీ పెట్టెలోని మిల్లీమీటరు స్పానర్లు కాదు. బ్రిటిష్ మోటార్లకు విట్‌వర్త్, బీఎస్ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్) అనే పాత అంగుళాల కొలతలు. వాటి స్పానరు మీద రాసేది బోల్టు లావు, తల వెడల్పు కాదు. అది తెలియక దగ్గరగా సరిపోయే మెట్రిక్ స్పానరుతో లాగితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. పాత లారీ మెకానిక్కుల దగ్గర అడిగి చూడు, ఒక సెట్టు దొరక్కపోదు. మరలు కూడా ఊరు చెబుతాయి. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, అమెరికాది 60. మరలు కొలిచే గేజి ఆనించి చూస్తే ఏ బోల్టు అసలుదో, ఏది తర్వాత ఎవరో దూర్చిందో తేలిపోతుంది.

పిస్టన్ పట్టేసిందన్నావు. పులికాట్ ఉప్పునీళ్లు తాగిన మోటారు పట్టేయక ఏమవుతుంది? ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలు, పవర్ స్టీరింగు ఆయిలు కలిపి పోసి వదిలెయ్. రోజూ రవ్వంత పోస్తా ఉండు. వారం కావచ్చు, నెల కావచ్చు. కదిలిందా లేదా అని ఫ్లైవీల్‌ను రెండు చేతులతో అటూ ఇటూ మెల్లగా ఊపు, అంతే. సుత్తి దెబ్బ ఒక్కటి పడితే క్రాంకు షాఫ్టు వంగుతుంది, దాన్ని సరిచేసే లేత్ పనివాళ్లు ఇప్పుడు చాలా తక్కువ.

ఫ్లైవీల్ విప్పేటప్పుడు ఒక సంగతి. విలియర్స్ నట్టు మొదట వదులవుతుంది, కొన్ని చుట్లకు మళ్లీ బిగుసుకుంటుంది. అక్కడ చాలామంది భయపడి ఆపేస్తారు. అది పాడైనట్టు కాదు, ఆ నట్టే ఫ్లైవీల్‌ను టేపరు మీంచి, అంటే షాఫ్టు సన్నబడే కొస మీంచి, పైకి లాగుతుంది. అదే వైపు తిప్పుతూ పో, టక్కుమని ఊడి వస్తుంది. బయటికి రాగానే లోపలి అయస్కాంతాలకు అడ్డంగా ఒక మెత్తటి ఇనుప ముక్క పెట్టు, ఊరికే వదిలేస్తే బలం తగ్గుతుంది. పాయింట్లు, అంటే నిప్పురవ్వ కోసం తెరుచుకుని మూసుకునే మొనలు, వాటి సందు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 20, అంటే అర మిల్లీమీటరు. కాయిల్ మీది పూత పగిలి ఉంటే కొత్తగా చుట్టించాల్సిందే.

ట్యాంకు ఇత్తడిది, కాబట్టి చింతపండు చాలు. స్టిక్కరు మిగిలిన చోట మాత్రం చెయ్యి పెట్టకు. కారుతుంటే వెల్డింగు వద్దు, సీసం మాటు వేయించు. మాటు వేసేముందు బాగా కడిగి నిండా నీళ్లు పోయించు, పెట్రోలు ఆవిరి మిగిలితే ట్యాంకు పేలుతుంది.

గేరుబాక్సు తెరిస్తే మజ్జిగలాంటి ఆయిలు వస్తుంది. సీలు పోయిందని ఖంగారు పడకు. దాని కట్టడమే అంత, రవ్వంత నీళ్లు పోతాయి. 140 నెంబరు గేరు ఆయిలు పోసి, వాడినప్పుడల్లా మారుస్తా ఉంటే అరుగుదల ఉండదు.

ఇంధనం దగ్గర నా మాట తప్పొద్దు. పాత సీగల్‌కు పదికి ఒకటి, లీటరు పెట్రోలుకు 100 మిల్లీలీటర్ల ఆయిలు. బేరింగులు కంచు బుష్షులు, అంత ఆయిలు లేకపోతే తినేస్తాయి. చివరి మోడళ్లకు 25కి ఒకటి సరిపోతుంది, కానీ కార్బురేటరు సూది మార్చకుండా ఆ లెక్కకు పోకూడదు. ఔట్‌బోర్డులకు అమ్మే టీసీ-డబ్ల్యూ3 ఆయిలే తీసుకో. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీలుస్తుంది. ఆడించిన రోజే ట్యాంకు ఖాళీ చెయ్, కార్బురేటరు కింది బౌలు కూడా.

మొదటిసారి ఆడించేది 200 లీటర్ల డ్రమ్ములో, చెక్కకు గట్టిగా బిగించి, నీళ్లలో తిరిగే ఫ్యాను తీసేసి. ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపు పూర్తిగా మునగాలి. పొడిగా ఒక్క నిమిషం కూడా తిప్పకు. తాడు లాగేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు. చాలా మోడళ్లకు క్లచ్చు లేదు, ఇంజను అందుకోగానే కింద షాఫ్టు కూడా తిరుగుతుంది. ఆపడానికి పెట్రోలు మూసి, చోకు వేస్తే చాలు.

చివరిది. భీములవారిపాళెం రేవు నుంచి ఇరకం దీవి దాకా దీన్ని ఒకసారి నడపాలని ఉందన్నావు. నాకూ ఆ కోరిక ఉండేది. కానీ ఈ మోటారు పొగ, ఆయిలు నేరుగా నీళ్లలోకే పోతాయి. పులికాట్ లోతులేని సరస్సు, ఫ్లెమింగోలు, నత్తగుల్లలు, చేపలు, వాటి మీద బతికే ఊళ్లు. అక్కడ నడపకు. మన ఇంట్లో డ్రమ్ములోనే ఆడిద్దాం.

నెంబరు ఫోటో తీయగానే పంపు. విట్‌వర్త్ స్పానర్లు ఒక సెట్టు నా పెట్టెలో ఉంది, ఆదివారం వచ్చి తీసుకుపో. వచ్చేటప్పుడు మీ అమ్మను కూడా తీసుకురా.

నీ మామయ్య