ఏప్రిల్ 6, 1942 ఎవరి సొత్తు?

ప్రశ్న: లాయర్ గారూ, మాది బరంపురం. నాకు 24 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు నడిపే కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అనే కంప్యూటర్ ఆటకి నేనూ, నా స్నేహితులూ కలిసి మిషన్లు, అంటే అందులో ఆడే యుద్ధ ఘట్టాలు, తయారు చేస్తుంటాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన రోజును ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా కడుతున్నాం. ఓడల వివరాలు, టైములు ఒక ఇంగ్లిష్ చరిత్ర పుస్తకంలోంచి తీసుకున్నాం. ఆ రోజుల్లో విశాఖ పోర్టులో గుమాస్తాగా చేసిన పర్లాకిమిడి పెద్దాయన ఒకరి డైరీని ఆయన మనవడు మాకిచ్చాడు. ఓ సరుకు ఓడ కెప్టెన్ మనుషుల్ని వదిలేసి ముందే పారిపోయాడని అందులో ఉంది. విమానాల మీద రంగులు, గుర్తులు వేసింది మా పిన్ని కొడుకు, వాడికి 16 ఏళ్లు. ఇవన్నీ వాడుకోవచ్చా? మా పాత మిషన్ ఒకదాన్ని ఎవరో మా పేర్లు తీసేసి డబ్బులకి అమ్ముతున్నారు. దానికి ఏం చేయాలి? పైగా తెలిసినాయన ఒకరు, హార్బర్ మ్యాప్ గీస్తే అఫీషియల్ సీక్రెట్స్ (ప్రభుత్వ రహస్యాల చట్టం) కేసు పెడతారన్నారు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, ముందు ఒక మాట. మన వైపు ఇళ్లల్లో పెద్దవాళ్లు "జపానువాడి బాంబు" అని చెప్పుకుంటుంటే వింటూ పెరిగినవాణ్ని నేను. ఆ రోజును ఈ తరం పిల్లలు కూర్చుని గంటలు, నిమిషాలతో సహా సరిచూసి కడుతున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే మీ ఉత్తరానికి కాస్త పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

చరిత్రలో జరిగిన సంగతి ఎవరి సొత్తూ కాదు. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి విమానాలు లేచాయి, ఓజావా అనే అడ్మిరల్ దళం ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో 20కి పైగా వాణిజ్య నౌకల్ని ముంచింది, విశాఖ దాడికి ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది. ఇవన్నీ జరిగిన విషయాలు. ఎవరు మొదట పుస్తకంలో రాశారన్నదానితో సంబంధం లేకుండా, మీరూ వాడుకోవచ్చు. ఆలోచనలకి, కథా వస్తువుకి, చారిత్రక సత్యాలకి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులోనే తేల్చింది.

కానీ ఆ సంగతుల్ని ఒక మనిషి కూర్చిన తీరుకి, రాసిన వాక్యాలకి కాపీరైట్ ఉంటుంది. పట్టికలు, సంకలనాలు కూడా 1957 కాపీరైట్ చట్టంలో సాహిత్య రచనల కిందికే వస్తాయి. వట్టి శ్రమ చాలదు, ఎంపికలోనో అమరికలోనో కొంతైనా సృజన ఉండాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ పుస్తకంలోని ఓడల పేర్లు, బరువులు, మునిగిన చోట్లు తీసుకోండి. రచయిత వేసిన పట్టికను ఆయన వరసలో, ఆయన వ్యాఖ్యలతో సహా దించుకోవద్దు. మిషన్ మొదట్లో పైలట్లకి చూపించే బ్రీఫింగ్‌లో ఆయన పేరాలు అనువదించి పెట్టినా తప్పే, అనువాద హక్కు కూడా రచయితదే. సొంత చదువుకో పరిశోధనకో కొంత వాడుకోవచ్చని సెక్షన్ 52 చెబుతుంది నిజమే. కానీ మిషన్‌ను పదిమందికీ డౌన్‌లోడ్‌కి పెట్టాక అది సొంత వాడకం అనిపించుకోదు.

ఇక్కడ మిషన్లు కట్టేవాళ్లు తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. కాపీ కొట్టారని కోర్టులో నిరూపించడానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం తప్పులే. జపాన్ నౌకాదళం రికార్డులన్నీ టోక్యో టైములో ఉంటాయి. దానికీ మన భారత ప్రామాణిక సమయానికీ మూడున్నర గంటల తేడా. ఏ రచయితైనా ఒక చోట ఆ తేడా సరిచేయడం మరిచిపోయి, అదే తప్పు టైముకి మీ మిషన్‌లో కూడా బాంబు పడితే, "ఈ టైము మీకెక్కడిది?" అని లాయరు అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు. అదే మీరు రెండు మూడు చోట్ల సరిచూసుకుని, ప్రతి టైముకి, ప్రతి ఓడకి ఎక్కడ చూశారో ఒక నోటుబుక్‌లో తేదీతో రాసుకుంటే, చరిత్ర పరంగా మిషన్ నిక్కచ్చిగా ఉంటుంది, చట్టపరంగా మీకు రక్షణా ఉంటుంది. ఈ ఒక్క అలవాటు ఈ రోజే మొదలుపెట్టండి. బ్రిటిష్ స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 అనే వరసలో ఉన్నాయి. మన నేషనల్ ఆర్కైవ్స్ కాగితాలు చాలా అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో చూడొచ్చు. కాగితంలోని సమాచారం వాడుకోవచ్చు. స్కాన్ చేసిన బొమ్మను మిషన్‌లో పెట్టాలంటే మాత్రం ఆ సంస్థ షరతులు చదవాలి.

ఫొటోలూ, పాటలూ మీరు అడగలేదు గానీ మిషన్‌లో అవీ ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. 2012 సవరణ దాకా మన చట్టం ప్రకారం ఫొటోకి కాపీరైట్ అచ్చయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉండేది, ఇప్పుడు ఫొటో తీసినవారు చనిపోయిన తర్వాత 60 ఏళ్లు. 1942లో ఇక్కడి పత్రికలో అచ్చయిన ఫొటోకి ఆ పాత గడువు సవరణకి ముందే అయిపోయింది. రేడియోలో ఆనాటి పాట వినిపించాలనుకుంటే జాగ్రత్త. రికార్డింగుకి గడువు తీరినా, పాట రాసినవారు, బాణీ కట్టినవారు చనిపోయిన తర్వాత 60 ఏళ్ల వరకు వాళ్ల హక్కు వేరే నడుస్తుంది.

ఇక డైరీ. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. డైరీ పుస్తకం ఎవరి బీరువాలో ఉంటే హక్కు వాళ్లదే అని అందరూ అనుకుంటారు. కాదు. కాగితం వేరు, రాతమీది హక్కు వేరు. పెద్దాయన చనిపోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టి 60 దాటితే చాలనుకోవద్దు. రచయిత బతికుండగా అచ్చుకాని రచనకి సెక్షన్ 24 వర్తిస్తుంది. దాని ప్రకారం 60 ఏళ్ల లెక్క మొదలయ్యేది ఆయన చనిపోయిన ఏడాది నుంచి కాదు, ఆ రచన మొదటిసారి ప్రచురితమైన ఏడాది తర్వాత నుంచి. డైరీ ఇంతవరకు ఎక్కడా అచ్చు కాకపోతే ఆ లెక్క ఇంకా మొదలే కాలేదన్నమాట.

మరి ఆ హక్కు ఇప్పుడెవరిది? పెద్దాయన వీలునామా రాసి, ఆ డైరీని ఫలానావారికి అని ఇచ్చి ఉంటే, వీలునామాలో వేరేగా చెప్పనంతవరకు కాపీరైట్ కూడా వాళ్లకే వెళ్లిందని సెక్షన్ 20 అంటుంది. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. అంటే మీకు డైరీ ఇచ్చిన మనవడి ఒక్కడి మాట సరిపోదు. అతని తండ్రి ఉంటే తండ్రి, మేనత్తలుంటే మేనత్తలు అందరూ ఒప్పుకోవాలి. ఆడపిల్లలు పెళ్లయి వెళ్లిపోయారు కదా అని వదిలేయడం నేను భూముల కేసుల్లో చూస్తూనే ఉంటాను, డైరీ విషయంలోనూ అదే తప్పు చేయకండి. ఒక కాగితం మీద, ఏ పేజీలు, దేనికోసం, ఎన్నేళ్లు, ఏ దేశాల్లో అన్నది రాయించుకోండి. లైసెన్స్ కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లకే పరిమితం చేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. మీ మిషన్ ఏ దేశంలోవాళ్లయినా ఆడతారు కదా, అందుకని ఈ రెండూ తప్పకుండా రాయించండి.

పారిపోయిన కెప్టెన్ పేరు మాత్రం మిషన్‌లో వద్దు. చనిపోయిన మనిషి గురించి అన్న మాటైనా, ఆ మనిషి బతికుంటే పరువు పోయేదై, కుటుంబం మనసు నొప్పించాలనే ఉద్దేశంతో అన్నదైతే పరువునష్టం నేరం కావచ్చని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లోని వివరణ చెబుతోంది. మీకు అలాంటి ఉద్దేశం లేదని నాకు తెలుసు. అయినా ఒక గుమాస్తా ఆ గందరగోళంలో విన్న మాట తప్ప మీ దగ్గర ఇంకో ఆధారం లేదు. "కొందరు ఓడ వదిలి వెళ్లారని ఒక డైరీలో ఉంది" అంటే నిజం చెప్పినట్టే, ఎవరి మనవలకీ బాధ కలగదు.

పిన్ని కొడుకు వేసిన రంగుల సంగతి తేలిక. బొమ్మ వేసినవాడు మైనరైనా దానిమీద హక్కు వాడిదే. కానీ 18 నిండనివాడు చేసిన ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకి అన్నిటికన్నా పై కోర్టు) మోహరీ బీబీ కేసులో చెప్పింది. మీ బాబాయి గారి చేత రాతపూర్వక అనుమతి తీసుకోండి. వాడి పేరు మిషన్‌లో వేయండి. సిమ్యులేటర్ కంపెనీ షరతులకి మీరు "ఐ అగ్రీ" నొక్కారు కదా, అదీ ఒప్పందమే, ఐటీ చట్టం సెక్షన్ 10ఎ దాన్ని గుర్తిస్తుంది. అందులో వ్యాపారానికి వాడకూడదని ఉంటే యూపీఐలో చందాలు అడగడానికి ముందు కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి.

అఫీషియల్ సీక్రెట్స్ భయం వదిలేయండి. 1923 నాటి ఆ చట్టం సెక్షన్ 3 పట్టుకునేది దేశ భద్రతకి హాని చేసే ఉద్దేశంతో నిషిద్ధ ప్రాంతాల ప్లాన్లు, స్కెచ్‌లు గీసేవాళ్లని. 1933లో తెరిచిన హార్బర్ 1942లో ఎలా ఉండేదో పాత అచ్చు మ్యాపుల్లోంచి కట్టడం ఆ పని కాదు. అయితే ఇవాళ్టి నేవీ డాక్‌యార్డ్‌ను, గోపాల్‌పూర్‌లో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీని చూసి వాటి వివరాలు మిషన్‌లోకి ఎక్కించవద్దు. 1942కి అవి అవసరం కూడా లేదు. రంగేయిలుండ ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రోన్ ఎగరేసి చూద్దామని ఎవరైనా అంటే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో అది ఏ జోనో చూడమనండి. రెడ్ జోన్ అయితే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

దేశం మ్యాప్ విషయంలో మాత్రం నిజంగా జాగ్రత్త అవసరం. సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌తో సరిపోని భారతదేశ పటాన్ని ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు పడొచ్చని 1961 నాటి ఒక చట్టం ఉంది. 1942 సరిహద్దులు ఇప్పటివి కావు కదా. దేశం మొత్తం పటం పెట్టకుండా గంజాం నుంచి కాకినాడ దాకా తీరం వరకే చూపించి, "1942 నాటి చారిత్రక పటం" అని దానిమీదే రాయండి. మిషన్‌కి కావాల్సింది ఆ తీరమే.

ఇప్పుడు మీ పాత మిషన్‌ను అమ్ముకుంటున్నవాళ్ల సంగతి. మీరు రాసిన బ్రీఫింగ్ సాహిత్య రచన. ఎప్పుడు ఏ విమానం లేవాలి, ఏది తగిలితే ఏం జరగాలి అని మీరు రాసిన సూచనల వరస కంప్యూటర్ ప్రోగ్రామ్ కిందికి వస్తుందని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు పుట్టిన రోజే మీది. మీ పేరు తీసేయడం కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద ఇంకో తప్పు. ముందు వాళ్ల పేజీని, ధరని, ఫైల్‌ని తేదీ కనబడేలా భద్రం చేయండి. కోర్టుదాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హాష్ విలువ, అంటే ఫైల్ మారితే తానూ మారిపోయే గుర్తు, కూడా రాయాలి. కాబట్టి అసలు ఫైల్‌ని మళ్లీ తెరిచి సేవ్ చేయకండి.

తర్వాత ఆ ఫైల్‌ను ఉంచిన వెబ్‌సైట్‌కి రాతపూర్వక ఫిర్యాదు పంపండి. మన కాపీరైట్ రూల్స్ 75 ప్రకారం ఫిర్యాదు సరిగా ఉంటే 36 గంటల్లో దాన్ని జనానికి అందకుండా ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఆర్డరు తేకపోతే మళ్లీ పెట్టేయొచ్చు. చాలామంది ఆ 21 రోజులు చూస్తూ కూర్చుంటారు. వెబ్‌సైట్ అమెరికాదైతే అక్కడి చట్టంలోనూ ఇలాంటి నోటీసు పద్ధతి ఉంది. దావా వేయడానికి అమ్మినవాడి ఊరికి పరిగెత్తక్కర్లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం మీరు ఉండే చోటి జిల్లా కోర్టులోనే, అంటే మన బరంపురంలోనే వేయొచ్చు. కాలపరిమితి మూడేళ్లు. క్రిమినల్ కేసు కూడా ఉంది, అదే కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్లు. కానీ నా సలహా, మొదట ఫిర్యాదు, తర్వాత లాయర్ నోటీసు. పిల్లలు కట్టిన మిషన్ దగ్గర పోలీసుల దాకా వెళ్లాల్సిన పని చాలా సార్లు రాదు.

ఈ ఆదివారం వీలైతే పర్లాకిమిడి వెళ్లండి. డైరీ రాసిన పెద్దాయన పిల్లలు ఎవరెవరున్నారో కనుక్కుని, ప్రతి ఒక్కరినీ కలవండి. అనుమతి కాగితం తెలుగులోనే రాయండి, వాళ్లు చదివి అర్థం చేసుకున్నాకే సంతకం అడగండి. మిషన్‌లో ఆయన పేరు ఎలా వేయాలో, ఇంటిపేరుతోనా, ఊరి పేరుతోనా, అసలు వేయాలా వద్దా అన్నది కూడా వాళ్లనే అడగండి.