పాప చెవులు మూసుకుంటే మీకెందుకంత సిగ్గు?

రాజమండ్రి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 34, ఉద్యోగం చేస్తున్నారు, రెండో తరగతి చదివే పాప ఉంది. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఉత్తరంలో ముఖ్యమైన భాగం:

"చిన్నప్పటి నుంచి నాకు ప్రతిదీ మనసుకి పట్టేస్తుంది. ఎవరైనా కాస్త గొంతు పెంచితే రోజంతా అదే బుర్రలో తిరుగుతుంది. ఆఫీసులో మేనేజర్ ఏదో అంటే బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి వచ్చాను. మా అత్తగారు సాయంత్రం ఆరు నుంచి పది దాకా సీరియళ్లు ఫుల్ సౌండులో పెడతారు, నాకు తల పగిలిపోతుంది. మా అమ్మ నన్ను 'ఏడుపుగొట్టు' అనే పిలిచేది, గట్టిపడాలని చుట్టాల ముందే తిట్టేది. ఈమధ్య ఒక వీడియోలో హైలీ సెన్సిటివ్ పర్సన్ గురించి చెప్తుంటే అన్నీ నాకు సరిపోయాయి. మావారికి చూపిస్తే 'ఇదో కొత్త జబ్బా' అన్నారు. ఇది జబ్బేనా? మందులున్నాయా? రాయిలా మారాలంటే ఏం చేయాలి? పోయిన నెల మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో డీజే పెడితే మా పాప రెండు చెవులూ మూసుకుని ఏడుపు లంకించుకుంది. 'అచ్చం తల్లి పోలికే' అని అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. చేతులు కడుక్కునే చోటికి లాక్కెళ్లి రెండు తగిలించాను. ఇప్పటి నుంచే గట్టిపడకపోతే దాని బతుకూ నాలాగే అవుతుంది కదా? వచ్చే నెల మా మరిది పెళ్లి. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది."

మీ మూడు ప్రశ్నలకూ జవాబు చిన్నదే. ఇది జబ్బు కాదు, దీనికి మందు లేదు, మీరు రాయిలా మారలేరు. మారాల్సిన అవసరం కూడా లేదు. ఉత్తరమంతా టీవీ గురించీ, మేనేజర్ గురించీ, మీవారి మాట గురించీ రాసి పాప సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో దాటేశారు. చదువుతున్న నేను మాత్రం ఆ నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోయాను.

ముందు ఈ స్వభావం సంగతి కాస్త చెప్తాను, ఎందుకంటే వీడియోల్లో చెప్పేవాళ్లు సగమే చెప్తారు. హైలీ సెన్సిటివ్ పర్సన్ అంటే మామూలు కంటే ఎక్కువ సున్నితమైన మనిషి, పొట్టిగా హెచ్‌ఎస్‌పీ అంటారు. ఎలేన్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1990లలో దీని మీద పని మొదలుపెట్టారు. ఆమె, ఆమె భర్త ఆర్థర్ ఆరన్ కలిసి 1997లో ప్రచురించిన పరిశోధన పత్రంలో 27 ప్రశ్నల కొలమానం ఒకటి ఇచ్చారు. పెద్ద శబ్దాలు ఇబ్బంది పెడతాయా, ఒకేసారి నాలుగు పనులు మీద పడితే తడబడతారా, ఎదుటివాళ్ల మూడ్ మీకు అంటుకుంటుందా, ఇలాంటివే అవి. కొందరి మెదడు వచ్చిన ప్రతి సంగతినీ ఎక్కువ లోతుగా తీసుకుంటుంది, అందుకే త్వరగా అలిసిపోతుంది. మొదట్లో నూటికి 15 నుంచి 20 మంది ఇలా ఉంటారని అనుకునేవారు. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దాదాపు 30 మంది అన్నాయి. మీ ఓణీల ఫంక్షన్‌కి రెండొందల మంది వచ్చి ఉంటే, వాళ్లలో ఓ ముప్పై నలభై మందికైనా ఆ డీజే మీ పాపకి ఉన్నంత బాధగానే ఉండి ఉండాలి. వాళ్లు పెద్దవాళ్లు కనక నవ్వుతూ కూర్చున్నారు, అంతే.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతల జాబితాలో ఇది లేదు. పొట్టి పొడుగుల్లాగే ఇదీ ఒక తేడా. కవలల మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం ఈ తేడాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదేనని చెప్పింది. కాబట్టి "అచ్చం తల్లి పోలికే" అన్నవాళ్లు అబద్ధం ఆడలేదు. ఆ మాట మీకు తిట్టులా ఎందుకు వినపడిందన్నదే నా ప్రశ్న.

ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. మీ అమ్మగారు మిమ్మల్ని గట్టిపరచాలని చుట్టాల ముందు తిట్టేవారు. మీరు ఇప్పుడు మీ పాపని గట్టిపరచాలని చేతులు కడుక్కునే చోటికి లాక్కెళ్లారు. ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ అమ్మగారు అన్నేళ్లు తిడితే మీరు గట్టిపడ్డారా? గట్టిపడి ఉంటే నాకు ఈ ఉత్తరం వచ్చేదే కాదు. ఒక తరం మీద పూర్తిగా చేసి చూసి, పనికిరాదని తేలిన పద్ధతిని మీరు పాప మీద మళ్లీ మొదలుపెట్టారు.

ఈ పిల్లల విషయంలో పరిశోధకులు కనుక్కున్న అతి ముఖ్యమైన సంగతి కూడా ఇదే. జే బెల్స్కీ, మైకేల్ ప్లూస్ అనే ఇద్దరు దీని మీద చాలా పనిచేశారు. సున్నితమైన పిల్లలు చెడు వాతావరణంలో మిగతావాళ్ల కంటే ఎక్కువ దెబ్బతింటారు. అది మనకి తెలిసిందే. కానీ మంచి వాతావరణం దొరికితే మిగతావాళ్ల కంటే ఎక్కువ బాగుపడతారు కూడా. 2015లో ఇంగ్లండ్‌లోని ఒక అధ్యయనం వివరాలు వచ్చాయి. 11 ఏళ్ల ఆడపిల్లలకు బళ్లో దిగులును తట్టుకునే నైపుణ్యాలు నేర్పారు. సున్నితమైన అమ్మాయిల్లో దిగులు లక్షణాలు తగ్గాయి. అంత సున్నితం కాని అమ్మాయిల్లో ఆ పాఠాల వల్ల పెద్ద తేడా కనపడలేదు. అంటే మీరు ప్రేమగా చెప్పే ఒక్కో మాట మీ పాపకి, పక్కింటి పాపకి పట్టే దానికంటే ఎక్కువ పడుతుంది. మీరు వేసిన దెబ్బ కూడా అంతే.

ఆ రోజు ఏం జరిగిందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఆ డీజే బాక్సుల పక్కన మీరూ తట్టుకోలేని స్థితిలోనే ఉన్నారు. పొద్దుటి నుంచి పట్టుచీర, చుట్టాలు, పలకరింపులు, భోజనాల హడావుడి. మీ ఓపిక అప్పటికే అడుగంటింది. మీరూ చెవులు మూసుకుని ఎక్కడికైనా పారిపోవాలనుకుని ఉంటారు, కానీ నలుగురిలో బాగుండదని బిగబట్టి కూర్చున్నారు. మీరు చేయలేనిది ఆ చిన్నపిల్ల చేసింది. అందుకే అంత కోపం వచ్చింది. పైగా అది తప్పు చేయలేదు. 85 డెసిబెల్స్ దాటిన శబ్దాన్ని గంటల తరబడి వింటే చెవికే చేటు, డీజే బాక్సులు ఆ హద్దును ఎప్పుడో దాటేస్తాయి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు జనం ఉండే ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టాయి. ఏడేళ్ల పిల్ల చెవులు మూసుకుందంటే దాని శరీరం సరిగ్గా పనిచేస్తోందని అర్థం. నవ్విన పెద్దవాళ్లకి బుద్ధి ఉండాల్సింది.

ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం, దాచుకోను. బంధువుల ముందు పరువు కోసం పిల్లని కొట్టే హక్కు ఏ తల్లికీ లేదు. పరువు అంటే పిల్ల నమ్మకాన్ని కాపాడుకోవడం. ఆ పిల్లకి ఆ రద్దీలో తెలిసిన దిక్కు మీరొక్కరే. మీ దగ్గరికే కదా ఏడుస్తూ వచ్చింది?

కాబట్టి ఈ ఆదివారం, తలస్నానం అయ్యాక జుట్టు ఆరబెట్టేటప్పుడో, జడ వేసేటప్పుడో చెప్పండి. ఎదురుగా కూర్చోబెట్టి కోర్టులోలా వద్దు. "మొన్న ఫంక్షన్‌లో నిన్ను కొట్టాను. నాదే తప్పు. ఆ సౌండుకి నీకు చెవులు నొప్పెట్టాయి. నాకూ నొప్పెట్టాయి తెలుసా? ఇంకోసారి అలా అనిపిస్తే నా చెయ్యి లాగు, మనిద్దరం బయటికి వెళ్లొద్దాం." ఇంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. పిల్లకి క్షమాపణ చెప్తే లోకువైపోతామని మీ ఇంట్లో ఎవరైనా అంటే విననట్టు ఊరుకోండి.

అలాగని పాపని ఏ పెళ్లికీ పేరంటానికీ తీసుకెళ్లకుండా ఇంట్లోనే కూర్చోబెట్టమని నేను అనడం లేదు. అది ఇంకో తప్పు. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే సైకాలజిస్టు నాలుగు నెలల పసివాళ్లకు కొత్త బొమ్మలు, శబ్దాలు, వాసనలు చూపించి ఏళ్ల తరబడి వాళ్లని గమనించారు. సుమారు అయిదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ గట్టిగా ఏడ్చేవారు. వాళ్లలో చాలామంది తర్వాత బెరుకు పిల్లలయ్యారు, కానీ అందరూ కాదు. ప్రతి చిన్నదానికీ అడ్డుపడిన తల్లుల పిల్లల్లో ఆ బెరుకు ఎక్కువ మిగిలింది. వెంట ఉండి, మెల్లగా, ఒక్కో అడుగూ వేయించిన తల్లుల పిల్లలు చాలామంది తేరుకున్నారు. కొత్తచోటికి ముందే వెళ్లడం, జనం పెరిగే లోపు పాపకి అంతా చూపించడం, అలిసిపోక ముందే వచ్చేయడం అలాంటి అడుగులే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాప మిక్సీ, ప్రెషర్ కుక్కర్ లాంటి రోజూ వినే శబ్దాలకు కూడా తల్లడిల్లిపోతున్నా, మాటలు ఆలస్యంగా వచ్చినా, తోటి పిల్లలతో కలవకపోయినా, బట్టలు ఒంటికి తగిలితేనే ఏడుస్తున్నా పిల్లల డాక్టరుకి చూపించండి. అలాంటివాటికి వేరే కారణాలు ఉండొచ్చు, త్వరగా తెలిస్తేనే మంచిది. మీ సంగతీ అంతే. నిద్ర పట్టక వారాలు గడుస్తున్నా, దేని మీదా మనసు లేకపోయినా, బతకాలనిపించకపోయినా అది సున్నితత్వం అని సరిపెట్టుకోకండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వాళ్ల 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీవారి గురించి ఎక్కువ చెప్పను. ఆయనకి వీడియో చూపించి మార్కులేయమంటే ఎవరైనా అలాగే అంటారు. పేరు పెట్టి చెప్పకండి, పని చెప్పండి. "ఆఫీసు నుంచి రాగానే నన్ను ఒక అరగంట గదిలో వదిలేయండి, పాపని మీరు చూసుకోండి" అంటే ఆయనకి అర్థమవుతుంది. హెచ్‌ఎస్‌పీ అన్న మాటను ప్రతి గొడవలో ముందు పెట్టుకుంటే మీవారికే కాదు, కొన్నాళ్లకి మీకూ విసుగొస్తుంది. ఆఫీసులో మేనేజర్ మాటకి కన్నీళ్లొస్తే రానివ్వండి, మొహం కడుక్కుని వచ్చి ఫైలులో తప్పుంటే దిద్దండి, లేకపోతే లేదని చెప్పండి.

అత్తగారి మీద నాకు కోపం రాలేదు. ఉత్తరంలో ఇంకోచోట రాశారు, ఆవిడ రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తున్నారని ఇంట్లో మీరొక్కరే గమనించి టెస్టు చేయిస్తే షుగర్ బయటపడిందని. మీ స్వభావం ఆ ఇంటికి చేసిన మేలు అది. ఆ గమనించే కన్నుతోనే ఇంకోటి చూడండి. రోజూ అంత సౌండు పెట్టుకుంటున్నారంటే ఆవిడకి చెవి మందగించి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చెవి బాగానే ఉందంటే హెడ్‌ఫోన్ కొనివ్వండి. అది కోడలు చేయాల్సిన పనే, దానివల్ల మీ తలనొప్పీ తగ్గుతుంది.

ఇక మీ మరిది పెళ్లి. పెద్దకోడలు పెళ్లిలో లేకపోతే కుదరదు, నాకు తెలుసు, ఉండాల్సిందే. తలంబ్రాలకి ఉండండి, అప్పగింతలకి ఉండండి. డీజే ఉన్న రాత్రి మాత్రం కల్యాణ మండపంలో వెనకాల గది ఒకటి మీ పేరున ముందే అడిగి పెట్టుకోండి. అందులో చాప, నీళ్లు, పాపకి బొమ్మల పుస్తకం ఉంచండి. తొమ్మిదింటికల్లా పాపని తీసుకుని ఇంటికి ఎవరు వెళ్లాలో మీరూ మీవారూ ముందే అనుకోండి. ఈ ఏర్పాటంతా అత్తగారికి మీ నోటితో మీరే చెప్పండి, మీవారి చేత చెప్పించకండి.

మీ అమ్మగారు కూడా ఆ పెళ్లికి వస్తారు. పాప గదిలోకి వెళ్లడం చూసి ఏదో ఒక మాట అంటారు, అలవాటు కదా. ఆవిడ చెడ్డ తల్లి అని నేను అనను. తనకి తెలిసిన పద్ధతి అదొక్కటే. కానీ మనవరాలి దగ్గర అది చెల్లదని చెప్పాల్సింది మీరే. ముందుగా ఫోన్ చేసి చెప్పండి: "అమ్మా, దాన్ని ఏమీ అనొద్దు. నన్ను అన్నది చాలు." చెప్తుంటే మీకు ఏడుపొస్తుంది, గొంతు వణుకుతుంది. ఏడుస్తూనే చెప్పండి, ఫోన్ మాత్రం పెట్టేయకండి. పెళ్లికి వారం ముందే ఈ మాట అయిపోవాలి, మండపంలో చుట్టాల మధ్య వద్దు.