నాన్న పేరున ఉన్న పాత మారుతిని ఇనుము కొట్టుకు అమ్మేయొచ్చా?

కావలి నుంచి అడిగారు కదా: 2005 నాటి మారుతి 800, ఏపీ 26 నంబరు, నాన్నగారి పేరున ఉంది, సీ బుక్కు గడువు ఎప్పుడో తీరింది, వేపచెట్టు కింద పడి ఉంది, పాత ఇనుము అతను పద్నాలుగు వేలు ఇస్తానంటున్నాడు, ఇచ్చేయొచ్చా అని.

ఇవ్వొద్దండి. మా ఇంట్లో ఒకసారి ఆ పని చేసి అనుభవించాం.

నాన్నకు ఒక స్కూటరు ఉండేది. పక్కకు వంచితే గాని స్టార్టయ్యే రకం కాదు. 2016లో వీధిలోకి వచ్చిన ఇనుము అతనికి పదిహేను వందలకు ఇచ్చేశాం. ప్లేటు విప్పి పెట్టుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. మూడేళ్ళ తర్వాత నేను వేరే పని మీద ఈ-చలానా సైటు చూస్తా, ఊరికే ఆ నంబరు కూడా కొట్టాను. నాలుగు చలానాలు! ఫొటో తెరిస్తే నల్ల మోటారు సైకిలు, దాని మీద ముగ్గురు పిల్లకాయలు, ఒక్కరికీ హెల్మెట్ లేదు. వెనక మాత్రం మా స్కూటరు ప్లేటు. పెయింటరు చేత నాన్న మూలన రాయించుకున్న చిన్న ‘శ్రీ’ కూడా చెక్కుచెదరలేదు. బండి మాది కాదని చెప్పడానికి స్టేషనుకీ ఆర్టీవో ఆఫీసుకీ రెండు నెలలు తిరిగాను. వాళ్ళు అడిగింది ఒకటే: “మీ పేరున నంబరు బతికే ఉంది, మీరు ఎవరికి ఇచ్చినట్టు?” చూపించడానికి కాగితం ముక్క లేదు. బండి తుక్కయినా, పనికిరాకుండా పోయినా 14 రోజుల్లో ఆర్టీవోకి తెలిపి సీ బుక్కు అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్లో ఉందని అప్పుడే తెలిసింది.

అందుకని మా కారు విషయంలో ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాం. అది 2004 మోడలు, మీ బండికి అన్న లాంటిది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మా వీధిలో నీళ్ళు నిలిచి ఇంజను పోయింది. బాగు చేయిద్దామా అని లెక్క వేశాం. చాలామంది అనుకునేట్టు 15 ఏళ్ళు దాటగానే సొంత కారును తుక్కు చేయాలని రూలేమీ లేదు, ఆ గొడవ ఢిల్లీ వాళ్ళది. ఇక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించి ఇంకో 5 ఏళ్ళకు రెన్యువల్ చేయించుకోవచ్చు. కాకపోతే 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 5,000 చేశారు. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025లో 10,000 అయింది. మీది ఆ లెక్కలోకే వస్తుంది. ఇంజను పని, టైర్లు, రేకు పని కలుపుకుంటే బండి ఖరీదు దాటిపోతుంది.

అందుకే తుక్కుకే ఇచ్చాం, అయితే ఇనుము కొట్టుకు కాదు. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం బండ్లను తుక్కు చేయడానికి ప్రభుత్వం రిజిస్టర్ చేసిన స్క్రాపింగ్ కేంద్రాలు ఉన్నాయి. రాష్ట్రాల వారీ జాబితా కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైటులో దొరుకుతుంది. మీ జిల్లాలోనే ఇవ్వాలని లేదు, ఏ రాష్ట్రం బండైనా ఎక్కడి కేంద్రమైనా తీసుకుంటుంది. అప్లికేషను ఆన్‌లైన్లోనే. ఒరిజినల్ సీ బుక్కు, ఆధార్, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు పెట్టుకోండి. సంతకం నాన్నగారిదే ఉండాలి. (ఓనరు కాలం చేసి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు కూడా అడుగుతారు.) ముందు చలానాలన్నీ కట్టేయండి.

నాకు నెల తిన్నది మాత్రం వేరే. సీ బుక్కులో ఇంకా బ్యాంకు పేరు ఉంది! లోను 2009లోనే తీరింది, హైపోతికేషన్ (బండి మీద బ్యాంకుకున్న తాకట్టు) తీయించలేదు. ఈలోపు ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. కొత్త మేనేజరుకు మా లోను రికార్డే దొరకలేదు. చివరికి నాన్న ట్రంకుపెట్టెలో చివరి కంతు రసీదు దొరికితే అది చూసి అప్పు తీరిందని ఎన్‌వోసీ, సీ బుక్కులో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 ఇచ్చారు. మీ సీ బుక్కు ఈ రోజే తీసి, బ్యాంకు పేరు ఉందేమో చూసుకోండి. తక్కిన పనులన్నీ దాని తర్వాతే.

కేంద్రంలో నేను పట్టుబట్టి నిలబడి చూశాను. ముందు బ్యాటరీ తీశారు, పెట్రోలు, ఆయిలు దించారు. తర్వాత ఇంజను వెనక రేకు మీద కొట్టిన చాసిస్ నంబరుకు నీళ్ళు చల్లి, గుడ్డతో తుడిచి, ఫొటో తీసి, ఆ ముక్క వరకు కట్టరుతో కోసి చీటీ కట్టారు. దాన్ని 6 నెలలు భద్రంగా ఉంచాలట. ఏటా పెన్సిలు రుద్ది కాగితం మీద అచ్చు తీసుకున్న నంబరు అరచేతి వెడల్పు రేకు ముక్కగా చూస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు.

బండి అప్పగించగానే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. పగలగొట్టాక సర్టిఫికెట్ ఆఫ్ వెహికల్ స్క్రాపింగ్ వస్తుంది. రెండూ దాచుకోండి. మొదటిది చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, సొంత కారుకు లైఫ్ టాక్సులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రూలు పెట్టింది. మీరు కొనకపోతే దాన్ని ఇంకొకరికి బదిలీ చేయొచ్చు. షోరూములో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మీరే అడగాలి.

డబ్బు సంగతి: మా కారుకు చేతికి వచ్చింది 12,500. ఇనుము కొట్టులో ఇంకో రెండు వేలు ఎక్కువే వచ్చేది, దాచేదేముంది. అందులోనూ రికవరీ వ్యాను ఉచితమని ఫోనులో చెప్పి, బండి ఎక్కించాక 1,500 కోసుకున్నారు. కావలి నుంచి మీకు దూరాన్ని బట్టి ఇంకా ఎక్కువే చెప్పొచ్చు, కాబట్టి వ్యాను ఖర్చు ఎవరిదో వాట్సాప్‌లో రాయించుకున్నాకే బండి తాళం ఇవ్వండి.